ఆయప్ప మాట తప్పడు

ఆమె గురించి ఇంతకాలం రాయకపోవడానికి నా దగ్గర ఒక మంచి కారణం ఉండేది. నాకు అక్షరాలు రావు. యాభై నాలుగేళ్ళ వరకు వేలిముద్రతోనే బతికాను. తర్వాత మా వీధి చివర ఉండే రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నాలు నలుగురైదుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకొని తెలుగు నేర్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయి కన్నడంలో చదువుకున్నది. "బెంగళూరులో తెలుగు నేర్చుకోని ఏం చేస్తావమ్మా, బస్సు బోర్డు కూడా చదవలేవు" అని నవ్వింది. నాకు కోపం వచ్చేది తెలుగులోనే, అందుకని ముందు అదే నేర్చుకుంటానన్నాను.

ఒత్తులు చేతికి కుదరడానికి రెండేళ్ళు పట్టింది. అవి కుదిరిన రోజున నా మంచి కారణం కాస్తా పోయింది. ఆ తర్వాత కూడా రాయలేదు. ఎందుకంటే ఆమె గురించి రాయాలంటే ఒక ఆదివారం గురించి రాయాలి. ఆ ఆదివారం నా నోటి నుంచి వచ్చిన ఒక మాట రాయాలి. ఆమె ప్రాణాలతో ఉండగా దాన్ని కాగితం మీద పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

పోయిన బుధవారం ఆమె చనిపోయింది. పాత ఫ్యాక్టరీలో మాతో పనిచేసిన ఒకామె ఫోన్ చేసి, "మన టేబుల్ అక్క పోయిందంట" అని చెప్పింది. నేను పప్పు కడుగుతున్నాను. ఫోన్ పెట్టేసి, పప్పు కడగడం పూర్తిచేసి, పొయ్యి మీద పెట్టి, అప్పుడు కూర్చున్నాను.

బెంగళూరు పీణ్యలో మాది బట్టల ఫ్యాక్టరీ. ముందు వరుసల్లో మెషిన్ల మీద చొక్కాలు కుట్టేవాళ్ళు. చివరన పొడుగాటి టేబుల్ దగ్గర మేము నిలబడి, కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు చిన్న కట్టర్లతో కత్తిరించేవాళ్ళం. చదువు లేనివాళ్ళు, కుట్టు రానివాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు చేరేది ఆ టేబుల్ దగ్గరికే. ఆమె మాకంటే ముందు నుంచీ అక్కడ ఉండేది. పొట్టి మనిషి. టేబుల్ ఎత్తు చాలక కాళ్ళ కింద ఒక చెక్కపలక వేసుకొని నిలబడేది. కట్టర్ ఎక్కడో పెట్టి మరిచిపోకుండా గుడ్డపీలికతో మణికట్టుకు కట్టుకునేది. సాయంత్రానికి ఆమె తలలో తెల్లదారమేదో తెల్లవెంట్రుక ఏదో మాకు తెలిసేది కాదు. ఒకసారి నేను దారం అనుకొని వెంట్రుక పీకాను. "పోనీ లేమ్మణ్ణీ, అదొకటి తగ్గింది" అన్నది.

నన్ను అమ్మణ్ణీ అనే పిలిచేది. నేను అక్కా అనేదాన్ని. వయసును బట్టి చూస్తే ఆమె నాకు అమ్మ కావాలి. అక్కా అని మొదలుపెట్టాను, అట్లాగే ఉండిపోయింది.

పొద్దున పని మొదలుపెట్టే ముందు ఆమె చొక్కాల కుప్ప మీద అరచెయ్యి ఆనించి, "సరేనప్పా, మొదలుపెడదామా" అనేది. నేను కొత్తగా చేరిన రోజున సూపర్‌వైజర్ పక్కనే ఉన్నాడు. తననే అడిగిందనుకొని, "ఇంకా బెల్ కాలేదమ్మా" అన్నాడు.

"నీకు కాదప్పా చెప్పింది."

"మరి యారికి?"

"ఆయప్పకి."

సూపర్‌వైజర్ వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. టేబుల్ చుట్టూ అందరూ నవ్వారు.

మా వైపు మాటలో ఆయప్ప అంటే ఆయన. దారినపోయే పెద్దమనిషి ఎవరైనా ఆయప్పే. పెళ్ళైన ఆడది మొగుడి పేరు నోటితో పలకదు కాబట్టి మొగుడు కూడా ఆయప్పే. ఆమె దేవుణ్ణి కూడా అట్లాగే అనేది. ఆదివారం ఆదివారం వాళ్ళ సందు చివర ఉన్న రేకుల ప్రార్థన హాలుకు పోయేది. అక్కడ దేవుడికి పేరుంది, అందరూ ఆ పేరు పెట్టే పిలుస్తారు. ఆమె మాత్రం పలికేది కాదు. ఎందుకక్కా అని అడిగితే, "అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలిచేదానికి నాకి నోరు రాదమ్మణ్ణీ. తాళి కట్టినోడి పేరే నేను చెప్పను" అన్నది.

అట్లా ఆమె ఇంట్లో ఇద్దరు ఆయప్పలు. ఏ ఆయప్ప గురించి మాట్లాడుతున్నదో ఒక్కోసారి మాకు తెలిసేది కాదు. "నిన్న ఆయప్ప మీద అరిచేసినా, పాపం" అంటే, "పైనున్నోడి మీదా, ఇంట్లో ఉన్నోడి మీదా?" అని టేబుల్ అవతలి నుంచి ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. "ఇద్దరి మీదా" అనేది.

ఒకరోజు అన్నం తినేటప్పుడు ఆమె గొప్పగా చెప్తున్నది. ఆయప్ప మాట తప్పడు, ఆయప్పకి కోపం తక్కువ, ఎంతసేపు చెప్పుకున్నా వింటాడు, మధ్యలో నిద్రపోడు. మాలో ఒకామె మొగుడు తాగుబోతు. ఆమె నిట్టూర్చి, "అట్లాంటోడు నాకి యాడ దొరుకుతాడక్కా" అన్నది.

"యాడో ఎందుకు, ఆయప్ప మీ అందరికీ ఉండాడు గదా" అన్నది ఆమె.

టేబుల్ ఒక్కసారిగా గొల్లుమన్నది. ఒకామెకు పొలమారి నీళ్ళు తాగించాల్సి వచ్చింది. ఆమెకు ఎందుకు నవ్వుతున్నామో కాసేపు తెలియలేదు. తెలిశాక రెండు చెంపలూ వేసుకొని, "తూ, మీ నోళ్ళు పడిపోనూ" అని తానూ నవ్వింది. తర్వాత పైకి చూసి, "ఏమనుకోవాకప్పా" అన్నది. ఆ మాటకు మళ్ళీ నవ్వారు.

ఆమె ప్రార్థన నాకు వింతగా ఉండేది. కళ్ళు మూసుకోదు, చేతులు జోడించదు. పని చేస్తూనే, పక్కన ఉన్న మనిషికి గుర్తుచేసినట్టు, "నిన్న చెప్పింది మతికుండాదా అప్పా?" అనేది. ఒకసారి నేను, "దేవుడికి మతిమరుపా అక్కా?" అన్నాను.

"ఆయప్పకేం మరుపు. నాకే భయం ఎక్కువ. అందుకే గుర్తుచేసేది."

ప్రార్థన హాలులో కూడా ఆమె అంత భక్తురాలేమీ కాదని అక్కడికి పోయేవాళ్ళు చెప్పారు. వెనక గోడకు ఆనుకొని కూర్చొని, పాస్టరు ప్రసంగం మొదలుపెట్టగానే నిద్రపోయేదట. "ఆయప్ప ఇంట్లో నిద్ర బాగా పడతాది, ఏం చేసేది" అనేది. ఆయుధపూజకు ఫ్యాక్టరీలో మెషిన్లకు బొట్లు పెట్టి గుమ్మడికాయ కొడితే అందరికంటే ముందు బొరుగుల పొట్లానికి చెయ్యి చాపేది. "బొరుగులకి అలిగేంత చిన్నమనిషి కాదు ఆయప్ప" అని సమాధానం.

అట్లని ఎప్పుడూ నవ్వే మనిషి అనుకోకూడదు. చాలా అలసిన మనిషి. మధ్యాహ్నం మూడు దాటాక ఆమె ముఖం వేలాడేసిన చొక్కాలా అయిపోయేది. మాట వచ్చేది కాదు. ఒక పొద్దు అట్లాంటి సమయంలోనే నేను ఏదో విసుగులో, "నీకు నమ్మకం ఉండాది, నీకేంలే అక్కా" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. నాకు తెలిసి ఆమె నా మీద కోపం చేసుకున్నది ఆ ఒక్కసారే.

"ఉండాది అంటే? ఒకసారి తెచ్చి గూట్లో పెట్టుకున్నా అనుకున్నావా? అన్నం వండినట్టు అమ్మణ్ణీ. నిన్న వండింది ఈ పొద్దుకి పనికిరాదు. పొద్దున లేస్తానే మళ్ళీ వండాల. నాకూ బేజారే."

అన్నం అంటే గుర్తొచ్చింది. ఆమె డబ్బాలో ఎప్పుడూ గంజిలాగా మెత్తగా వండిన అన్నమే ఉండేది. చెంచాతో తినొచ్చు. ఇదేమి వంటక్కా అంటే, "ఆయప్పకి మెత్తగుంటేనే పోతాది" అనేది. పళ్ళు ఊడిపోయిన మొగుడనుకొని ఆటపట్టించేవాళ్ళం. ఇంట్లో ఉన్నాయన ఒకప్పుడు పీణ్యలోనే ఒక మెషిన్ షాపులో లేత్ పని చేసేవాడని, ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడని మాకు తెలుసు. పని మానేసి భార్య సంపాదన తింటున్నాడనుకున్నాం. పీణ్యలో అట్లాంటి మొగుళ్ళు మాకు కొత్త కాదు. అంతకు మించి మేము అడగలేదు. ఆమె చెప్పలేదు.

మా అమ్మాయికి పదకొండో ఏట జ్వరం వచ్చింది. మూడోరోజు జ్వరం తలకెక్కింది. ఫిట్స్ వచ్చాయి. పెద్ద ఆస్పత్రిలో చేర్చాను. మెదడు వాపు అన్నారు. మా ఆయన లారీ డ్రైవరు. అప్పుడు లోడు వేసుకొని ఉత్తరాదిలో ఎక్కడో ఉన్నాడు. కబురు అందడానికి నాలుగు రోజులు, రావడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. ఆస్పత్రిలో ఎవరో తెచ్చిన కాగితాల మీదల్లా వేలిముద్ర వేశాను. ఏ కాగితంలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మాయి కళ్ళు తెరవలేదు. పిలిస్తే పలకలేదు. పేరు పెట్టి పిలుస్తూ ఉండమని నర్సు చెప్పింది. పిలిచి పిలిచి నా గొంతు పోయింది.

చేర్చిన రెండోరోజు సాయంత్రం ఆమె వచ్చింది. ఫ్యాక్టరీ వదిలాక రెండు బస్సులు మారి వచ్చింది. తలలో దారపుముక్కలు అట్లాగే ఉన్నాయి. ఏమీ అడగలేదు. "పో, మొహం కడుక్కోని, ఒక గంట పండుకో" అని నా జాగాలో కూర్చున్నది. అమ్మాయి పాదం ఒకటి తన చేతిలో పెట్టుకొని నా బదులు పిలవడం మొదలుపెట్టింది. నేను వరండాలో సంచి మీద తల పెట్టి పడుకున్నాను. గంట తర్వాత లేపి, వెళ్ళిపోయింది. ఆ తర్వాత రోజూ వచ్చింది.

నాకు ఆ గంట కోసమే రోజు గడిచేది. ఆమె వస్తుందనే నమ్మకం నాకు ఉండేది. దేవుడు వస్తాడనే నమ్మకం మాత్రం లేదు. ఒకరోజు ఆమెతో అదే అన్నాను. "నాకి నువ్వు వస్తే చాలక్కా, ఆయప్ప రాకపోయినా పరవాలేదు."

"నేను యాడ వస్తాండా? ఆయప్ప తోస్తే వస్తాండా" అన్నది.

ఎనిమిదోరోజు ఆదివారం. ప్రార్థన అయిపోయిన వెంటనే పదిన్నరకల్లా వచ్చింది. అప్పటికే డాక్టరు చూసి పోయాడు. రాత్రి నుంచి అమ్మాయి ఊపిరి సరిగ్గా లేదు. సాయంత్రం వరకు చూడాలమ్మా, దగ్గరుండు అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతను నా ముఖం చూడలేదు.

పన్నెండు దాటింది. ఆమె లేచి కొంగు దులుపుకున్నది. "నేను పొయ్యొస్తా అమ్మణ్ణీ. సాయంత్రం మళ్ళీ వస్తా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. "పోవాకక్కా. ఈ పొద్దు ఒక్కదాన్నే ఉండలేను."

"ఒక గంటలో వస్తా లేమ్మా. ఇంటికాడ..."

ఆమె ఇంకేం చెప్పబోయిందో నేను చెప్పనివ్వలేదు. "ఇంటికాడ ఏమక్కా? ఆయప్ప ఉండాడు గదా. చూసుకుంటాడు."

నేను అన్నది ఆమె మొగుడి గురించి. పనీపాటా లేకుండా ఇంట్లో కూర్చున్న మనిషి ఒక పూట తన అన్నం తాను పెట్టుకోలేడా అని నా మనసులో. కొంచెం ఎత్తిపొడుపు కూడా ఉంది ఆ మాటలో.

ఆమె నా ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆమె చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా కూర్చున్నది.

"ఊ," అన్నది. "ఆయప్ప ఉండాడు."

సాయంత్రం ఐదు వరకు కదల్లేదు. అమ్మాయి పాదం వదల్లేదు. ఆ మధ్యాహ్నం గొప్పగా జరిగిందేమీ లేదు. అమ్మాయి కళ్ళు తెరవలేదు, చనిపోనూ లేదు. ఊపిరి కొంచెం నిదానించింది. ఐదుకు డాక్టరు వచ్చి, ఈ రోజు గడిచింది అన్నాడు. ఆమె లేచి, నడుము పట్టుకొని, మెట్లు దిగి పోయింది.

సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. నాకు కోపం వచ్చిందని రాయాలి. ఎంత సిగ్గుగా ఉన్నా రాయాలి. మంగళవారం సాయంత్రం అమ్మాయి కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. ఈ సంతోషం చెప్పుకోవడానికి మనిషి లేదే, సమయానికి రాలేదే అని ఆమె మీద అలిగాను.

బుధవారం మా టేబుల్ నుంచి ఒకామె వచ్చింది. అమ్మాయిని చూసి, కళ్ళు తుడుచుకొని, నన్ను వరండాలోకి పిలిచింది.

"నీకి తెలీదా? అక్క మొగుడు పోయినాడు. ఆదివారమే."

"ఎట్ల?"

"ఎట్లంటే ఏం చెప్పేది. నాలుగేండ్ల నుంచి మంచంలోనే ఉండాడంట గదా. ఒక పక్క పూర్తిగా పడిపోయినాదంట. మనకి ఒక మాట చెప్పలేదు చూడు. డ్యూటీకి వస్తే తలుపు మూసి వచ్చేదంట, పక్కింటామె మధ్యాహ్నం ఒకసారి తొంగిచూసేదంట. ఆదివారమైతే అక్క ఇంట్లోనే ఉంటాది గదా అని పక్కింటామె యాడికో పోయింది. మూడున్నరకి వచ్చి చూస్తే ఆయప్ప లేడు. చెంబు కింద దొర్లి ఉండిందంట."

నాకు మెత్తటి అన్నం గుర్తొచ్చింది. ఆమె చూపు గుర్తొచ్చింది. "ఇంటికాడ..." అన్నచోట నేను ఆపేసిన మాట గుర్తొచ్చింది.

అమ్మాయిని ఇంటికి తెచ్చుకొని, అది గోడ పట్టుకోకుండా నడిచేదాకా చూసుకొని, నలభై రోజుల తర్వాత నేను పనికి పోయాను. ఆమె అప్పటికే వస్తున్నది. పలక మీద నిలబడి దారాలు కత్తిరిస్తున్నది. నన్ను చూసి, "పాప తింటాందా?" అని అడిగింది. తింటున్నదన్నాను. అంతే. పొద్దున చొక్కాల కుప్ప మీద చెయ్యి పెట్టడం లేదు. అప్పా అనడం లేదు. బెల్ కొడితే మొదలుపెట్టి, బెల్ కొడితే ఆపుతున్నది. డబ్బాలో అన్నం మాత్రం అట్లాగే మెత్తగా ఉన్నది. చెయ్యి అలవాటు పడిపోయి ఉంటుంది.

సూపర్‌వైజర్ కూడా గమనించాడు. మంచివాడే, మాట్లాడటం రాదు. "ఏమ్మా, ఈ మధ్య నన్ను అప్పా అనేదే మానేసినావే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె తల ఎత్తలేదు.

ఆ వచ్చిన ఆదివారం వాళ్ళింటికి పోయాను. అంతకుముందు ఎప్పుడూ పోలేదు. ఒకటే గది. మంచం ఇంకా అక్కడే ఉంది. పట్టుకొని లేవడానికి ఆయన కోసం పైనుంచి కట్టిన తాడు ఇంకా వేలాడుతోంది. ఆమె కింద కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తున్నది. నేనూ ఒక గుప్పెడు ముందుకు లాక్కొని వలవడం మొదలుపెట్టాను. సగం గిన్నె నిండాక అన్నాను.

"అక్కా, ఆ పొద్దు నేను అన్నది మీ ఇంటాయన గురించి."

"తెలుసు."

"తెలిసీ ఎందుకుండావు? చెప్పుంటే నేను చెయ్యి వదిలిపెట్టేదాన్ని గదా."

ఆమె ఒక కాయ వలిచి, ఇంకొకటి తీసుకొని, దాన్ని వలవకుండా చేతిలో పెట్టుకున్నది.

"నీ నోట్లో నుంచి ఆ మాట వస్తానే, ఆయప్పే చెప్పిచ్చినాడు అనుకున్నా. ఉండిపో, నేను చూసుకుంటా అన్నట్టు అనిపిచ్చింది." చేతిలోని కాయ వలిచి గిన్నెలో వేసింది. "అది కూడా పూర్తి నిజం కాదమ్మణ్ణీ. నాకి ఇంటికి పోవాలని లేకుండె. నాలుగేండ్లు. ఎత్తేది, దించేది, తుడిచేది. ఒక పూట ఆ మంచం కాడికి పోకుండా ఉండేదానికి నువ్వు నాకి ఒక సాకు ఇచ్చినావు. నేను తీసుకున్నా. నువ్వొక అర్థం తీసుకున్నావు, నేనొక అర్థం తీసుకున్నా. ఇద్దరం మనకి కావాల్సిందే తీసుకున్నాం."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆమె మీద కాదు. "మరి చూసుకున్నాడా అక్కా? మాట తప్పడు, మాట తప్పడు అంటివే. ఏం చూసుకున్నాడు?"

అడిగాక భయం వేసింది. అట్లాంటి మాట ఆ ఇంట్లో, ఆ మంచం ముందర అడిగి ఉండకూడదు.

"నేనూ అదే అడిగినా," అన్నది. "అడిగి, మాట్లాడేది మానేసినా. నెల దాటింది. ఆయప్ప పోతాడేమో, పోతే పోనీ అనుకున్నా. పోలే. పొద్దున లేస్తే ఉండాడు, పండుకుంటే ఉండాడు. నేను మాట్లాడకపోయినా కాచుకోని ఉండాడు."

"అదొక్కటేనా?"

"ఇంకేం కావాల? ఆ పొద్దు మంచం పక్కన నేను లేను. నువ్వు లేవు. పక్కింటామె లేదు. ఆయప్ప ఉండాడు. ఈయప్ప ఒంటిగా పోలే." ఈయప్ప అన్నప్పుడు చేత్తో మంచాన్ని చూపించింది. "అది నేను చూసినానా? చూడలే. నమ్మతాండా. నమ్మకపోతే నేను ఒక ముద్ద మింగలేను అమ్మణ్ణీ. నీకి నమ్మకం రాకపోతే నువ్వు నమ్మవాక. నాకి మాత్రం వేరే దారి లేదు."

తర్వాత గిన్నె నా వైపు తోసి, "గింజలు నువ్వు తీసకపో. పాపకి పులుసు చేసి పెట్టు" అన్నది. వద్దన్నాను. "నాకి ఒక్కదానికి ఇంత ఎందుకు" అన్నది. ఆ మాట అన్నాకే ఆమె ఏడ్చింది. నేను అక్కడే కూర్చున్నాను. ఆమెను పట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ తర్వాత ఎన్ని రోజులకో లెక్క లేదు గాని ఒక పొద్దున బెల్ కొట్టే ముందు ఆమె కుప్ప మీద చెయ్యి ఆనించింది. టేబుల్ అంతా చేతులు ఆపేసింది. ఆమె చాలాసేపు అట్లాగే నిలబడింది.

"నాకి ఓపిక లేదప్పా," అన్నది చివరికి. "నువ్వే మొదలుపెట్టు."

కొన్నేళ్ళకు ఆ ఫ్యాక్టరీ ఊరి బయటికి పోయింది. మేము తలా ఒక దిక్కయ్యాం. ఆమె దొడ్డబళ్ళాపురంలో చెల్లెలి కూతురి దగ్గరికి చేరింది. అప్పుడప్పుడు పోయి చూసొచ్చేదాన్ని. ఆ ఆదివారం మాట మళ్ళీ మా మధ్య రాలేదు. మా అమ్మాయి పెళ్ళికి వచ్చి, మండపంలో దాని పాదం ఒకసారి పట్టుకొని చూసి, ఏమీ అనకుండా భోజనానికి పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముసలామెకు మతి చలించిందనుకున్నారు.

చివరిసారి చూసినప్పుడు నాకు చదువు వచ్చిందని చెప్పాను. "అట్లనా? ఏదీ, నా పేరు రాయి" అన్నది. సంచిలో బస్సు టికెట్ ఉంటే దాని వెనక రాసిచ్చాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూసింది. "ఇదేనా నేను? ఇంతేనా?" అన్నది. నవ్వి, టికెట్‌ను రవికలో పెట్టుకున్నది. ఆమె పేరు రాసింది ఆ ఒక్కసారే. ఇక్కడ కూడా రాయడం లేదు. పెద్దాయన పేరు ఆమె పలకని మర్యాదే నాకూ అలవాటైంది.

గురువారం మట్టి చేశారు. దొడ్డబళ్ళాపురంలో వాళ్ళ వీధి అంతా మరమగ్గాలే. ఆ ఒక్క ఇంట్లో మగ్గం ఆపారు. మిగతా ఇళ్ళల్లో ఆడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడులో పాస్టరు చదివింది సగం వినపడలేదు. చివరి రోజుల్లో ఏమైనా అన్నదా అని చెల్లెలి కూతురిని అడిగాను. "ఏం అనలేదక్కా. బేజారు, బేజారు అనేది. మళ్ళీ కాసేపుండి, ఉండాడు లే అనేది" అన్నది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిలబడే వచ్చాను. మోకాళ్ళు వాచాయి.

నాకు ఆమెకున్నంత నమ్మకం లేదు. అలసట మాత్రం ఆమెకున్నంత ఉంది. ఆ ఆదివారం మంచం పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. ఎవరు లేరో తెలుసు. ఇన్నేళ్ళూ నాకు తెలిసింది అదొక్కటే.

మా పక్క పోర్షన్‌లో ఉండే అమ్మాయి ఒక పెద్ద ఆఫీసులో తుడిచే పని చేస్తుంది. ఆమె మామకు ఏడాదిగా ఒక కాలు, ఒక చెయ్యి పనిచేయవు. పొద్దున ఎనిమిదికి ఆయన్ను లోపల ఉంచి తాళం వేసుకొని పోతుంది. గోడ అవతల నుంచి ఆయన దగ్గు నాకు రోజంతా వినిపిస్తుంది. ఎక్కువైనప్పుడు నేను టీవీ సౌండు పెంచేదాన్ని.

శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి తాళం వేస్తుంటే పోయి చెయ్యి చాపాను.

"తాళంచెవి నాకిచ్చి పో పాపా."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "ఎందుకాంటీ? ఏమైనా కావాలా?"

"ఏమీ వద్దు. నేను ఇంట్లోనే గదా ఉండేది."

బస్సుకు టైం అవుతోంది. ఇచ్చి పరుగెత్తింది. నేను తలుపు తీసి లోపలికి పోయాను. గదిలో మూత్రం వాసన. ఆయన గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. తల తిప్పలేక, గోడతోనే మాట్లాడినట్టు, "యారది?" అన్నాడు.

"పక్కింటిదాన్ని."

"ఏం పని మీద వచ్చినావు?"

"పనేం లేదు. సుమ్మనే, ఊరికే వచ్చినా."

ఆయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"అట్లైతే కూచో," అన్నాడు.

కూర్చున్నాను.